రెండో అర్జీ

1993 మార్చి 8న ఇంకా తెల్లవారకముందే, చిలకలూరిపేట వెళుతున్న ఆర్టీసీ బస్సులో ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. ప్రయాణికులను బెదిరించి దోచుకోవాలన్నది వాళ్ల పథకం. 23 మంది ప్రాణాలు పోయాయి. టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కడం తప్ప వాళ్లు చేసిన పాపం ఏమీ లేదు.

ఆ ఇద్దరినీ ఉరి తీయకపోవడం సరైన పనేనని ఈ వ్యాసంలో చెప్పబోతున్నాను. అందుకే ముందు ఆ 23 మందిని తలచుకోకుండా నా కలం సాగదు. ఉరిశిక్ష వద్దనే వాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఆ బస్సులో మీ ఇంటి మనిషి ఉంటే ఇలాగే మాట్లాడతారా?" అడగదగిన ప్రశ్నే. దాటవేయను, ఆ దగ్గరికి వస్తాను.

గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఇద్దరికీ మరణశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు అప్పీలు కొట్టివేసింది. క్షమాభిక్ష అర్జీని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ తిరస్కరించారు. ఉరి తీయడానికి 1997 మార్చి 29 తేదీ ఖరారైంది. చట్టం ఎక్కమన్న మెట్లన్నీ ఎక్కడం అయిపోయింది, ఇక మిగిలింది వారెంటు అమలు.

ఆ వారెంటును ఒకసారి దగ్గరగా చూడాలి. జనం బ్లాక్ వారెంట్ అంటారు. అప్పటి నేర విచారణ స్మృతి చివర ఉన్న అనుబంధంలో దాని నమూనా ఉండేది. జైలు అధికారిని ఉద్దేశించి కోర్టు రాసే ఉత్తరం అది. ఖైదీ పేరుకు ఒక ఖాళీ, ఉరి తీయాల్సిన సమయానికీ చోటుకూ ఖాళీలు. ప్రాణం పోయేవరకు మెడకు ఉరి వేసి వేలాడదీయాలన్నది అందులోని ఆజ్ఞ. అంతటితో అయిపోదు. శిక్ష అమలైందని ధ్రువీకరణ రాసి, ఆ వారెంటును తిరిగి కోర్టుకు పంపాలి. ఒక మనిషి చావు రాబడి పోబడి లెక్కలా ఆఫీసు దస్త్రంలోకి వచ్చి చేరుతుంది. ఉరిశిక్ష మీద నా అభిప్రాయం ఏర్పడడానికి పెద్ద పెద్ద సిద్ధాంతాలకన్నా ఈ నమూనా కాగితమే ఎక్కువ కారణం. కోపంతో చంపేవాడి చెయ్యి వణుకుతుంది. ఈ కాగితంలో వణుకు ఎక్కడా లేదు.

1997 మార్చిలో ఆ కాగితం కోర్టుకు తిరిగి రాలేదు. పౌరహక్కుల సంఘాలు, దళిత సంఘాలు, రచయితలు కదిలారు. గడువుకు ముందు సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. రాష్ట్రపతికి మళ్లీ అర్జీ వెళ్లింది. 1998లో, అప్పటికి రాష్ట్రపతిగా ఉన్న కె.ఆర్. నారాయణన్ ఆ ఇద్దరి శిక్షను యావజ్జీవ కారాగారంగా మార్చారు.

నేరం అదే, సాక్ష్యాలు అవే, తీర్పు అదే. చూసిన కళ్లు మాత్రం వేరు. ఈ తేడా చూసి, న్యాయం మనిషిని బట్టి మారిపోయిందేమిటని బాధపడేవాళ్లున్నారు. నేను దాన్ని ఇంకోలా చూస్తాను. రెండోసారి చూడడానికి వీలుండబట్టే రెండు ప్రాణాలు నిలిచాయి. ఆ వీలు ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు ఉంది, ఇప్పుడు దాని పరిస్థితి ఏమిటి అన్నది తెలియాలంటే కోర్టు చూపు ఎంతవరకు వెళుతుందో ముందు తెలియాలి.

1955కు ముందు హత్య రుజువైతే మరణశిక్షే మామూలు శిక్ష. ఉరి ఎందుకు వేయడం లేదో జడ్జి కారణం రాయాల్సి వచ్చేది. 1955 సవరణ ఆ నియమాన్ని తీసేసింది. 1973 నాటి నేర విచారణ స్మృతి దాన్ని పూర్తిగా తిరగేసి, ఉరి వేయాలంటే ప్రత్యేక కారణాలు రాయాలంది. 1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం మరణశిక్ష రాజ్యాంగబద్ధమేనని నలుగురి మెజారిటీతో తేల్చింది. దానితోపాటే, అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన కేసులో తప్ప ఆ శిక్ష వేయకూడదని గీత గీసింది. నేరాన్ని చూస్తే సరిపోదు, నేరం చేసిన మనిషినీ చూడాలి. యావజ్జీవం ఎంతమాత్రం చాలదని తేలితేనే ఉరి. అయిదో జడ్జి జస్టిస్ పి.ఎన్. భగవతి ఒప్పుకోలేదు. కేసు ఏ బెంచి ముందుకు వెళ్లిందన్న దాన్ని బట్టి ప్రాణం నిలవడమో పోవడమో జరిగితే అది సమానత్వం కాదన్నారు.

ఆయన భయపడిందే జరిగిన కేసు ఒకటుంది. హర్‌బన్స్ సింగ్ కేసుగా న్యాయ గ్రంథాలకెక్కింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక కుటుంబంలో నలుగురి హత్య. ముగ్గురికి మరణశిక్ష పడింది. ముగ్గురి పాత్రా ఒకటేనని కోర్టులే అన్నాయి. ముగ్గురూ వేర్వేరుగా సుప్రీంకోర్టు గడప ఎక్కారు. ఒకడి అర్జీ ఒక బెంచి ముందుకు వెళ్లింది, 1977లో శిక్ష యావజ్జీవంగా మారింది. రెండోవాడి అర్జీని ఇంకో బెంచి కొట్టేసింది. మూడోవాడైన హర్‌బన్స్ సింగ్ అర్జీ కూడా కొట్టివేతకే గురైంది, రివ్యూ పిటిషన్ కూడా. తోటి ముద్దాయి శిక్ష అప్పటికే మారిందన్న సంగతిని ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. ఇద్దరికీ ఉరి తేదీ 1981 అక్టోబరు 6. హర్‌బన్స్ సింగ్ చివరి నిమిషంలో రిట్ వేసి స్టే తెచ్చుకున్నాడు. రెండోవాడు వేయలేదు. ఆ రోజు అతన్ని ఉరి తీశారు.

ఒకే నేరం, ఒకే పాత్ర, ఒకే తీర్పు. ఒకడు యావజ్జీవ ఖైదీ, ఒకడు ఉరికంబం మీద, ఒకడు మధ్యలో. 1982లో సుప్రీంకోర్టు ఈ కేసు చూసి నొచ్చుకుని, హర్‌బన్స్ సింగ్ శిక్ష మార్చమని రాష్ట్రపతిని కోరింది. రెండోవాడికి ఎవరేం చేయగలరు?

ఇలాంటిది ఇంకొకటి. 2009లో సంతోష్ బరియార్ కేసులో సుప్రీంకోర్టు తన పాత తీర్పు ఒకదాన్ని తప్పుబట్టింది. నేరస్థుణ్ణి పట్టించుకోకుండా నేరాన్ని మాత్రమే చూసి ఉరి వేయవచ్చని 1995లో ఒక బెంచి అన్నది బచన్ సింగ్ తీర్పుకు విరుద్ధమని తేల్చింది. ఆ తప్పు దారిలో మరికొన్ని కేసుల్లోనూ మరణశిక్షలు పడ్డాయని కూడా ఒప్పుకుంది. అప్పటికే ఆ వరసలో ఇద్దరిని ఉరి తీశారు, ఒకరిని 1996లో, ఇంకొకరిని 1997లో. 2012లో 14 మంది మాజీ న్యాయమూర్తులు రాష్ట్రపతికి ఉత్తరాలు రాశారు. తప్పు తీర్పుల వల్ల ఉరిశిక్ష పడిన 13 మంది ఇంకా జైళ్లలో ఉన్నారు, వాళ్ల శిక్ష మార్చండని వేడుకున్నారు. జీవితమంతా తీర్పులు చెప్పిన పెద్దలు, తీర్పును దాటి చూడమని ఇంకొకరిని బతిమాలుకోవాల్సి వచ్చింది.

మన మాట "క్షమాభిక్ష" నాకు మొదటి నుంచీ ఇబ్బందిగానే ఉంటుంది. భిక్ష అనగానే ఒకరు చెయ్యి చాచడం, ఇంకొకరు దయతలచి వేయడం కళ్ల ముందు మెదులుతుంది. రాజులిచ్చిన మాట అది. రాజ్యాంగంలో 72వ అధికరణం రాష్ట్రపతికి, 161వ అధికరణం గవర్నరుకు ఇచ్చింది రాజుగారి దయ కాదు, పని. నేరాన్నే క్షమించేయడం, శిక్ష తగ్గించడం, ఒక శిక్షను ఇంకో తేలిక శిక్షగా మార్చడం, అమలును కొంతకాలం ఆపడం, ఇవన్నీ వేర్వేరు అధికారాలు. ఉరి విషయంలో దాదాపు ఎప్పుడూ జరిగేది శిక్ష మార్పే. నేరం నేరంగానే ఉంటుంది, తీర్పు తీర్పుగానే ఉంటుంది, మనిషి జైల్లోనే ఉంటాడు. "క్షమించి వదిలేశారు" అని టీవీల్లో వినిపించే మాట పచ్చి అబద్ధం. 2014 జనవరిలో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇది అనుగ్రహం కాదు, రాజ్యాంగ బాధ్యత అని స్పష్టంగా చెప్పింది.

ఇంకో అపోహ ఉంది. రాష్ట్రపతి తన ఇష్టం వచ్చినట్టు నిర్ణయిస్తారని చాలామంది అనుకుంటారు. 1980 నాటి మారూ రామ్ తీర్పు ప్రకారం మంత్రివర్గ సలహా మీదే నిర్ణయించాలి. ఒకసారి ఫైలు వెనక్కి పంపి మళ్లీ ఆలోచించమనవచ్చు. అంతకు మించి చేతిలో ఉండేది, నిర్ణయం చేయకుండా ఫైలును అట్టే పెట్టుకోవడం. అలా కొన్ని ఫైళ్లు ఏళ్ల తరబడి రాష్ట్రపతి భవన్‌లో ఉండిపోయాయి. కేహర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్రపతి సాక్ష్యాలను కూడా తిరిగి పరిశీలించి కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావచ్చునని, అలా వచ్చినంత మాత్రాన కోర్టు తీర్పును రద్దు చేసినట్టు కాదని చెప్పింది.

ఈ అధికారం చెడ్డ చేతుల్లో పడితే ఏమవుతుందో మన రాష్ట్రంలోనే చూశాం. రాజకీయ పలుకుబడి ఉన్న ఒక ఖైదీకి 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నరు మిగిలిన శిక్ష రద్దు చేశారు. మరణశిక్ష కాదు, పదేళ్ల జైలు. ఏపూరు సుధాకర్ కేసులో 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ విధేయత చూసి చేసే క్షమ చెల్లదంది. పలుకుబడి ఉన్నవాడి ఫైలు చకచకా నడిచి, లేనివాడి ఫైలు దుమ్ము పట్టడం కన్నా ఆ అధికారానికి అవమానం లేదు.

దుమ్ము పట్టిన ఫైలు వెనుక ఒక మనిషి ఒంటరి గదిలో ఉంటాడు. పొద్దున్నే వినిపించే ప్రతి అడుగుల చప్పుడూ తనకోసమేమో అనుకుంటూ రోజులు గడపడం తీర్పులో రాసిన శిక్ష కాదు. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1983లో వతీశ్వరన్ కేసులో, ఉరి అమలు రెండేళ్లకు మించి ఆలస్యమైతే మరణశిక్ష రద్దు కోరవచ్చునన్నారు. ఆ గడువు ఎక్కువ కాలం నిలవలేదు. వేరే బెంచి ఆ ఏడాదే కాదంది, 1989లో రాజ్యాంగ ధర్మాసనం కూడా కచ్చితమైన గడువు పెట్టలేమంది. కానీ ఆయన వేసిన విత్తనం మొలకెత్తింది. 2014 నాటి శత్రుఘ్న చౌహాన్ తీర్పుతో 15 మంది ఉరి తప్పింది. వాళ్లలో చాలామంది విషయంలో కారణం అంతులేని ఆలస్యమే. అర్జీ తిరస్కరించిన సంగతి ఖైదీకి చెప్పాక ఉరికి కనీసం 14 రోజుల వ్యవధి ఉండాలని కూడా ఆ తీర్పు చెప్పింది. ఇంటివాళ్లను చివరిసారి చూసుకోవడానికీ, కోర్టుకు వెళ్లాలంటే వెళ్లడానికీ ఆ రోజులు.

ఇప్పుడు ఆ ప్రశ్న. ఆ బస్సులో నా ఇంటి మనిషి ఉంటే?

నా చేతులతో నేనే చంపాలనుకునేవాణ్ణేమో. అలా అనుకోనని చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఆ కేసులో నన్ను జడ్జిగా కూర్చోబెట్టరు. కానీ బాధితులందరి మనసూ ఒకే తీరుగా ఉంటుందని మిగతా ప్రపంచం ఎలా తేల్చేసుకుంటుంది? నిద్రపోతున్న అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వదిలేయమన్నది ద్రౌపది. తన కడుపుకోత అతని తల్లి కృపికి కూడా ఎందుకన్నది. చంపాల్సిందేనని భీముడు పట్టుబట్టాడు. చివరికి అర్జునుడు తల గొరిగి, శిరోమణి తీసుకుని, వెళ్లగొట్టాడు. చంపలేదు, ఊరికే వదిలిపెట్టనూ లేదు. శిక్ష మార్పు అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు, చిన్నప్పటి నుంచి విన్న కథే. పురాణమని కొట్టిపారేసేవాళ్లకు మన కాలంలోనే ఉదాహరణ ఉంది. రాజీవ్ గాంధీ హత్య కేసులో ఉరిశిక్ష పడిన మహిళకు శిక్ష మార్చమని సోనియా గాంధీ కోరారు. 2000లో తమిళనాడు గవర్నరు మార్చారు.

బాధితుల కుటుంబాలందరూ ద్రౌపదులు కావాలని నేను అడగడం లేదు. అడిగే హక్కు నాకు లేదు. వాళ్ల కోపం వాళ్లది, అది న్యాయమైనది. నా ఫిర్యాదంతా వాళ్ల కోపాన్ని అరువు తెచ్చుకుని ఊగిపోయే మిగతా వాళ్ల మీద. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక యువ వైద్యురాలి మీద జరిగిన ఘోరం తలచుకుంటే ఇప్పటికీ గుండె బిగుసుకుపోతుంది. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోతే జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని అందులో ఉంది. ఆ నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా ఉంది. మైనరుకు ఈ దేశంలో ఏ కోర్టూ ఉరి వేయడానికి చట్టం ఒప్పుకోదు. పూలు చల్లిన రోజున ఆ ముగ్గురి వయసు ఎవరూ అడగలేదు.

మరణశిక్ష ఉంటే నేరాలు తగ్గుతాయన్న వాదన గురించి ఎక్కువ రాయను. 2015 ఆగస్టులో జస్టిస్ ఎ.పి. షా నాయకత్వంలోని లా కమిషన్ తన 262వ నివేదికలో, యావజ్జీవం కన్నా ఉరిశిక్ష ఎక్కువ భయపెడుతుందనడానికి ఆధారం లేదంది. ఉగ్రవాదం, దేశం మీద యుద్ధం చేయడం తప్ప మిగతా నేరాలన్నిటికీ ఉరి ఎత్తేయమంది. 2000 తర్వాత ఇప్పటివరకు మన దేశంలో ఉరి తీసింది ఎనిమిది మందిని. అంత అరుదుగా, అంత ఆలస్యంగా, ఎవరిమీద పడుతుందో తెలియకుండా పడే శిక్షను తలచుకుని పెట్రోలు డబ్బా పట్టుకున్నవాడు ఆగుతాడా?

ఎవరిమీద పడుతుందో అన్నాను. చిలకలూరిపేట కేసులో మనల్ని అన్నిటికన్నా కలతపెట్టాల్సింది ఇదే. ఆ ఇద్దరు యువకులూ దళితులు, పేదవాళ్లు. అదే కోస్తా ప్రాంతంలో 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. కారంచేడు కేసు సుప్రీంకోర్టులో తేలేసరికి 2008 వచ్చింది. ఒకరికి యావజ్జీవం, మిగతా వాళ్లకు మూడేళ్ల జైలు. చుండూరు కేసులో 2007లో 21 మందికి యావజ్జీవం పడితే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ రెండు ఊళ్ల కేసుల్లో ఎవరికైనా ఉరి వేయాల్సిందని నేను అనను. చిలకలూరిపేట కేసులో మూడున్నరేళ్లలో మూడు కోర్టులూ దాటి ఉరికంబం దాకా పరుగెత్తిన చట్టం, ఇక్కడ ఇరవై మూడేళ్లు, ఇరవై రెండేళ్లు ఎందుకు పాకింది? ఒకే కేసు ఫైలు చూసే జడ్జికి ఈ ప్రశ్న అడిగే వీలు లేదు, ఆయన ముందు ఉండేది ఆ కేసే. మూడు కేసులూ పక్కపక్కన పెట్టి చూడగలిగింది, 72వ అధికరణం కింద చూసే కళ్లకే. 1997లో రెండో అర్జీ కోసం తిరిగినవాళ్లు వినిపించింది కూడా ఇదే. దోపిడీకి వెళ్లి మారణహోమం చేసినవాళ్లు వీళ్లు, చంపడానికే బయలుదేరిన వాళ్లు వాళ్లు. పేదవాడి నేరమే అరుదైన వాటిల్లోకెల్లా అరుదైనదిగా కనిపించే చూపును సరిచేసుకోమన్నారు.

ఇంతా రాయడానికి కారణం 2024 జులై 1న నేర విచారణ స్మృతి స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 472వ సెక్షన్. క్షమాభిక్ష అర్జీలకు మొదటిసారి చట్టంలోనే గడువులూ పద్ధతీ పెట్టిన సెక్షన్ ఇది. తుది తీర్పు సంగతి జైలు సూపరింటెండెంటు చెప్పిన 30 రోజుల్లోగా అర్జీ పెట్టాలి. గవర్నరు తిరస్కరిస్తే 60 రోజుల్లోగా రాష్ట్రపతికి పెట్టుకోవాలి. ఫైళ్లు ఏళ్ల తరబడి మూలుగుతున్న చోట గడువులు రావడం మంచిదేనని మొదట చదివినప్పుడు అనుకున్నాను. రెండోసారి చదివితే ఆ మాటల బరువు తెలిసింది. అర్జీ పెట్టగలిగేది ఖైదీ, అతని చట్టబద్ధ వారసుడు, లేదా ఇంకో బంధువు. అది కూడా, అంతకుముందు అర్జీ పెట్టుకోకపోయి ఉంటేనే. రాష్ట్రపతి నిర్ణయం మీద ఏ కోర్టులోనూ అప్పీలు లేదు. ఆ నిర్ణయానికి ఎలా వచ్చారన్నది ఏ కోర్టూ విచారించకూడదు.

రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని మామూలు చట్టం కట్టడి చేయలేదని న్యాయవాదులు వాదిస్తారు, ఆ వాదన బలమైనదే. కానీ జైల్లో ఖైదీకి చేతికందేది రాజ్యాంగ చర్చ కాదు, సూపరింటెండెంటు చదివి వినిపించే సెక్షన్. ఈ మాటలను 1997 మార్చికి అన్వయించి చూడండి. మొదటి అర్జీ అప్పటికే అయిపోయింది, తిరస్కరణ వచ్చేసింది. రెండోసారి తలుపు తట్టించినవాళ్లు పౌరహక్కుల కార్యకర్తలు, రచయితలు, ఆ ఇద్దరికీ రక్తసంబంధం లేనివాళ్లు. ఈ సెక్షన్ అప్పుడే ఉండి, అక్షరం పొల్లుపోకుండా అమలై ఉంటే 1998లో రాష్ట్రపతి బల్ల మీద చూడడానికి ఫైలే ఉండేది కాదు. జైలు నుంచి కోర్టుకు రెండు వారెంట్లు మాత్రం, శిక్ష అమలైనట్టు ధ్రువీకరణతో, తిరిగి వచ్చి ఉండేవి.